మిర్చి గోలి

మా ఊళ్లో ఆ మందుకు వేరే పేరు లేదు. తొర్రూరులో ఏ మెడికల్ షాపుకు పోయి "మిర్చి గోలి" అన్నా, కౌంటరు వెనక మనిషి తల కూడా ఎత్తకుండా డబ్బాలోంచి పది గోలీల షీటు తీసి చేతిలో పెడతాడు. ఎవరికి, ఎన్నేళ్లవాళ్లకు, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడగడు. నేనూ చెప్పేదాన్ని కాదు. ఉప్పు ప్యాకెట్ కొన్నప్పుడు ఎవరి కూరలోకో చెప్తామా?

మా ఊరు తొర్రూరుకు ఆటోలో అరగంట. అక్కణ్నుంచి మానుకోట దాకా మిరప తోటలే ఎక్కువ. మానుకోట అంటే కాగితాల మీద మహబూబాబాద్. శివరాత్రికి అటూ ఇటూ కల్లాల్లో ఎర్రగా కాయ ఆరబోసి ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్లు కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటారు, రెండు నిమిషాలు కాగానే తుమ్ముకుంటూ కార్లెక్కి అద్దాలు పైకి లేపుకుంటారు. మేం ఎక్కడికి పోతాం? పొద్దంతా దాని పక్కనే. ముక్కు కారుతూనే ఉంటుంది, కళ్లు మండుతాయి, గొంతులో ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు ఉంటుంది. తొడిమలు తీసే ఆడవాళ్లు, రంగు పోయిన తాలుకాయ ఏరేవాళ్లు ముఖానికి కొంగు బిగించి కట్టుకుని, పొద్దున ఒక గోలి, అన్నం తిన్నాక ఒక గోలి మింగుతారు. ఘాటు ఎక్కువున్న రోజు ఇంకొకటి. అది మందు అని ఎవరూ అనుకోరు. తలకు తువ్వాల ఎట్లాగో, అదీ అట్లాగే.

అందరికంటే కష్టం బస్తా తొక్కే మనిషిది. ఎండిన కాయను గోనె సంచిలో పోసి, ఒక మనిషి సంచిలోకి దిగి కాళ్లతో అణిచి తొక్కాలి. అప్పుడే బస్తా గట్టిగా నిండుతుంది. తొక్కిన ప్రతిసారీ దుమ్ము లేచి నేరుగా ముఖానికే కొడుతుంది. మా కల్లంలో ఆ పని మా బాపుది. బాపు అంటే మా నాన్న. అరవై ఐదు దాటినా ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు.

"ఆళ్లు తొక్కితే కాయ ఇరుగుతది. నేను తొక్కితే అణుగుతది" అనేవాడు. అందులో తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను జనగామలో సర్కారు బడిలో తెలుగు చెప్తాను. మా అవ్వకూ బాపుకూ నేనొక్కతినే. అవ్వ అంటే మా వైపు అమ్మ. మిర్చి రోజుల్లో సెలవు దొరికితే ఊరికి పోయి కల్లంలో కూర్చుంటాను. తొడిమలు తీయడం కంటే అందరి మీదా అరవడమే ఎక్కువ చేస్తాను, ఆ సంగతి నాకు తెలుసు. నాకు కోపం ఎక్కువ. పిల్లలు ఒత్తులు మింగేస్తే కోపం, బస్సు ఆలస్యమైతే కోపం, ఎవరైనా నా మాట వినకపోతే మరీ కోపం. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి మందుల పెత్తనం కూడా నాదే. బాపుకు బీపీ ఉంది. ఆ గోలి రోజూ పొద్దున్నే వేసుకున్నాడా లేదా అని జనగామ నుంచి ఫోన్ చేసి అడిగేదాన్ని. ఆ షీటు ఇంట్లో గూట్లో, డాక్టరు రాసిన చిట్టీతో పాటు పదిలంగా ఉండేది. మిర్చి గోలీలు కల్లంలో బస్తాలు కుట్టే సుతిలి, దబ్బనం వేసే డబ్బాలో ఉండేవి. అవి తెచ్చేదాన్నీ నేనే.

రెండేళ్ల కిందటి మాట. ఒక రెండో శనివారం కల్లంలో బస్తాలు నింపారు. ఆ రోజు గాలి లేదు, ఘాటు కదలకుండా అక్కడే నిలబడిపోయింది. బాపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు గోలీలు వేసుకున్నాడు. మూడూ నేనే నీళ్లతో సహా అందించాను. నిద్ర వస్తోందని రెండుసార్లు అన్నాడు. పనివల్ల అలసిపోయాడనుకున్నాం.

ఆదివారం పొద్దున మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

"ఏంది బాపు, గిట్ల కూసున్నవ్?"

"ఏం లేదు బిడ్డ. జర వేడి చేసింది."

వేడి చేసింది అంటే మా ఇళ్లల్లో ఇంక డాక్టరు అక్కర్లేదు. ఎండలో పని చేసినా, కారం ఎక్కువ తిన్నా, మూత్రం మండినా, రాకపోయినా, అంతా వేడే. వేడికి మందు సలువ, అంటే చల్లదనం. అవ్వ బార్లీ కాచి చెంబెడు ఇచ్చింది. సబ్జా గింజలు నానబెట్టి ఇంకో చెంబు ఇచ్చింది. మజ్జిగ సరేసరి. అవన్నీ చాలవన్నట్టు, పొద్దుగాల దించిన తాటికల్లు తెప్పించింది. కల్లు తాగితే ఒంటికి సాఫీగా వస్తుందని మా ఊళ్లో నమ్మకం. మూత్రానికి వెళ్లడాన్ని మావాళ్లు ఒంటికి పోవడం అంటారు. ఒంటికి రాని మనిషికి మేం గంటగంటకూ చెంబులు చెంబులు నీళ్లు పోశాం. మోరీ మూసుకుపోతే మీదినుంచి బిందెలు గుమ్మరించినట్టు.

మధ్యాహ్నానికి బాపు కళ్లు తేలేసి మత్తుగా పడి ఉన్నాడు. కల్లు ఎక్కిందనుకున్నాను. పలకరిస్తే నన్ను పట్టుకుని "అక్కా, ఎడ్లు ఎటు పోయినయ్?" అన్నాడు. మా మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఎడ్లు అమ్మి అంతకంటే ఎక్కువ ఏళ్లయింది. అప్పుడు అవ్వ వచ్చి బాపు పొట్ట మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అట్లాగే ఉంచి నా వైపు చూసింది.

"బిడ్డా, కడుపు రాయిలెక్కున్నది."

తెలిసినవాళ్ల కారులో మానుకోటలో ఒక దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చిన్న వయసువాడు, ఓపికగలవాడు. పొట్ట మీద వేళ్లతో కొట్టి చూశాడు. "పెద్దయ్యా, ఒంటికి పోయి ఎంతసేపయింది?" అని అడిగాడు. బాపు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను అక్కడ ఉన్నాననే తిప్పుకున్నాడు.

అవ్వ చెప్పింది. "నిన్న మాపటి నుంచి పోలే సారు."

ఆ సంగతి నేను వినడం అదే మొదలు. నన్ను బయట నిలబడమన్నారు. లోపల పైపు వేశారు. మళ్లీ పోయేసరికి మంచం పక్కన వేలాడే సంచి నిండుతోంది. బాపు ముఖంలో నొప్పి పోయింది, మత్తు కూడా కొంచెం దిగింది. కానీ నన్ను చూడడం లేదు. ఆ వార్డులో పది మంచాలున్నాయి, రోగుల బంధువులు, ఆడా మగా అందరూ తిరుగుతున్నారు. పైపు కనపడకుండా ధోతి కొంగు లాక్కుని లాక్కుని కప్పుకుంటున్నాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. వయసు మీద పడిన మగవాళ్లకు మూత్రం తిత్తి కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి వాస్తుందని, మా బాపుకు అది చాలాకాలంగా ఉండి ఉంటుందని చెప్పాడు. బీపీ కూడా బాగా ఎక్కువ ఉందన్నాడు. అయితే గ్రంథి వాచినా ఇట్లా ఒక్కసారిగా బందు కావడానికి ఏదో ఒకటి తోడై ఉంటుందని అనుమానపడ్డాడు.

"ఈ నాలుగైదు రోజులల్ల సర్దికి ఏమన్నా మందులు వాడిండా?"

"లేదు సార్. జలుబే లేదు ఆయనకు."

"దగ్గుకు గాని, దురదలకు గాని?"

"లేదు సార్. బీపీ గోలి ఒక్కటే. రోజూ నేనే అడుగుతాను."

అవ్వ కూడా అడ్డంగా తల ఊపింది. మేమిద్దరం అబద్ధం చెప్పలేదు. బాపుకు సర్ది లేదు. సర్దికి మందూ వేయలేదు. డాక్టరు సరేనని రాసుకున్నాడు. ఆయన సరైన ప్రశ్న అడిగాడు, రెండుసార్లు అడిగాడు. నేను పర్యాయపదాలు చెప్పి బతికేదాన్ని. జలుబు, పడిశం, సర్ది, రొంప అని బోర్డు మీద వరసగా రాస్తాను. ఆ వరసలో మిర్చి గోలి రాదు కాబట్టి నా బుర్రలోకీ రాలేదు.

గ్రంథికి గోలీలు రాసిచ్చారు. కొన్ని రోజులకు పైపు తీశారు. బాపుకు మామూలుగానే వచ్చింది. ఇంటికి వచ్చేశాం. స్టాఫ్ రూములో నేనెంత చురుగ్గా కారు మాట్లాడానో, ఎంత తొందరగా తీసుకుపోయానో అందరికీ చెప్పుకున్నాను. మెచ్చుకున్నారు కూడా.

మూడు వారాల తరవాత రెండో ఏరుడు, అంటే రెండో కోత కాయ ఎండింది. నేను ఆదివారం పోయేసరికి బాపు మళ్లీ సంచిలో దిగి ఉన్నాడు. దిగొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. తుమ్ములు ఆగడం లేదు. బస్తా అంచు పట్టుకుని తుమ్ముతున్నాడు, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నేను తొర్రూరులో దిగినప్పుడే రెండు షీట్లు తీసుకున్నాను. ఒక గోలి చించి, నీళ్ల చెంబుతో సహా చేతికిచ్చాను.

"ఒద్దు తియ్ బిడ్డ. తువ్వాల కట్టుకుంట."

"తువ్వాలకు ఆగుతదా బాపు? తుమ్మలేక సస్తున్నవ్. ఏసుకో."

"ఒద్దంటున్న గదా."

"నా మాట ఒక్కటన్న ఇంటవా నువ్వు?" అని అరిచాను. పనికొచ్చిన ఆడవాళ్లు నవ్వారు. "టీచరమ్మకు కోపమొచ్చింది, ఏసుకో పెదబాపు" అన్నారు. బాపు గోలి నోట్లో వేసుకున్నాడు. మధ్యాహ్నం ఇంకొకటి ఇచ్చాను. సాయంత్రం మిగిలిన షీటు డబ్బాలో పెట్టి, మర్చిపోకుండా వేసుకోమని చెప్పి జనగామ బస్సెక్కాను.

ఆ తరవాత జరిగింది అవ్వ చెప్తే తెలిసింది. సోమవారం బాపుకు దగ్గు మొదలైందని ఊళ్లో సూదిమందు వేసే ఆయన దగ్గర దగ్గు సీసా తెచ్చి, మూత నిండా మూడు పూటలు తాగించింది. ఆ సీసాలోనూ అవే మందులున్నాయని ఎవరికి తెలుసు? గోలీలు ఆపలేదు, వాటి మీద సీసా. ఒంటికి మళ్లీ బందైంది. ఈసారి బాపు ఆ సంగతి అవ్వకు కూడా చెప్పలేదు. చెప్తే మళ్లీ దవాఖాన, మళ్లీ పైపు. అవ్వ అడిగితే కొట్టం వెనక్కి పోయివచ్చిన అన్నాడట. కల్లు తనంతట తానే తెప్పించుకుని తాగాడట.

మంగళవారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో ఉండగా ఫోన్ వచ్చింది. "బిడ్డా, బాపు లేస్తలేడు. చలితోని వణుకుతాండు. నన్ను గుర్తుపడ్తలేడు" అంది అవ్వ. మానుకోటకు కాదు, నేరుగా వరంగల్ తీసుకురమ్మని చెప్పి, నేను జనగామ నుంచి బస్సులో పోయాను. నేను పోయేసరికి పైపు వేసి ఉంది. సంచిలోకి వచ్చింది మూత్రంలాగా లేదు, చిక్కగా, ఎర్రగా ఉంది. లోపల నిలవున్నది కుళ్లి, చీము రక్తంలోకి ఎక్కిందన్నారు. కిడ్నీలు పని చేయడం లేదన్నారు.

బుధవారం పొద్దున ఒక సిస్టర్ బాపు బట్టలు కవరులో పెట్టి నాకిచ్చింది. కవరు విప్పి చూశాను. ధోతికీ, తువ్వాలకూ మిరప దుమ్ము అట్లాగే అంటుకుని ఉంది. వరండాలో అందరిముందూ వరసగా తుమ్ములు వచ్చాయి. చేతిసంచిలో రెండో షీటు ఉంది కదా. ఒక గోలి చించి నోట్లో వేసుకోబోయాను.

"ఏం గోలి మేడం అది?" అంది సిస్టర్.

"మిర్చి గోలి."

"ఏదీ, జర ఇటియ్యుండ్రి."

ఆమె నడివయసు మనిషి, భూపాలపల్లి ఆమె. షీటు వెనక్కి తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. తరవాత నన్ను చూసింది. "పెద్దాయనకు గిది ఇచ్చిర్రా?"

"మా దగ్గర అందరూ వేసుకుంటారు."

"అందరి సంగతి కాదు మేడం. పెద్దాయన సంగతి అడుగుతున్న."

"ఇచ్చాను."

"గిది సర్ది గోలి."

నేను ఊరుకున్నానా? లేదు. "సర్దికి కాదు సిస్టర్, ఇది మిర్చికి" అని ఆమెతో వాదించాను. ఆ మాట పూర్తయ్యేలోపల నా నోట్లోంచి వస్తున్నది ఏమిటో నాకే వినపడింది. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

ఆమె నా పక్కన కూర్చుని, మా బడిలో పిల్లలకు నేను చెప్పేటంత నిదానంగా చెప్పింది. "దీంట్ల రెండు మందులుంటయ్. ఒకటి ముక్కు నీళ్లు ఆపుతది, నిద్ర తెస్తది. ఇంకోటి ముక్కు లోపటి నరాలను బిగబడ్తది, గాలి ఆడుతది. కానీ ఆ బిగబట్టుడు ముక్కుతోని ఆగదు. కింద మూత్రం తొవ్వను కూడా బిగబడ్తది. బీపీ పెంచుతది. మొదటిదేమో తిత్తికి నెట్టే బలం లేకుండ చేస్తది. గ్రంథి వాచినోళ్లు, బీపీ ఉన్నోళ్లు, గుండె జబ్బున్నోళ్లు డాక్టర్ను అడగకుంట ఏసుకోవద్దు. కల్లు తాగి అస్సలు ఏసుకోవద్దు." షీటు నా చేతికి తిరిగిచ్చి, "మా అన్న బొగ్గు బాయిల చేస్తడు. ఆళ్లు దీన్ని డ్యూటీ గోలి అంటరు. దుమ్ముకు మింగుతరు. మింగి బండి నడిపితే నిద్రొచ్చి పడ్తరని నేను మొత్తుకుంట. ఎవలు ఇంటరు?" అంది.

డాక్టరు వచ్చాక షీటు చూపించాను. దగ్గు సీసా సంగతి అవ్వ అప్పుడు చెప్పింది. ఆయన షీటు తిప్పి చదివాడు. "ఇది ఒక్కదానివల్లనే అని నేను రాసియ్యలేనమ్మా. గ్రంథి ముందే వాచి ఉంది. కానీ మొదటిసారే తెలిసి ఆపి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ బాగుండేది అన్న మాటను నేను ఇప్పటికీ మోస్తున్నాను. బాపు శుక్రవారం పొద్దున పదింటికి పోయాడు.

దినాలు అయిపోయాక తొర్రూరు షాపుకు పోయాను. మిర్చి గోలి కావాలన్నాను. అతను తలెత్తకుండా షీటు పెట్టాడు. ఎవరికి అని అడగవేం అని గొడవ పెట్టుకున్నాను. దుకాణం ముందు జనం పోగయ్యారు. అతను భయపడి, "ఎవ్వలన్న అడుగుతరా మేడం గిదానికి?" అన్నాడు. నిజమే, నన్నూ ఎన్నడూ అడగలేదు, అడిగి ఉంటే అతని మీద కూడా అరిచేదాన్నే. ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు మిర్చి రోజుల్లో ఏ కల్లానికి పోయినా నాకు ఇదే పని. డబ్బాలు తెరిచి షీట్లు తీయిస్తాను, వెనక అక్షరాలు ఫోనులో పెద్దవి చేసి చదివిస్తాను. కంట్లో నీటికాసుల జబ్బుకు, అదే గ్లకోమాకు, చుక్కలు వేసుకునే ముసలామె ఒకరు రోజుకు రెండు మింగుతోందని తెలిసింది. ఆ జబ్బుకూ ఈ గోలి పడదు, డాక్టరును అడిగిందాకా ముట్టొద్దని లాక్కున్నాను. ఇంకొకామె మూడేళ్ల పిల్లకు సగం విరిచి పెడుతోంది. ఆమె మీద నేను వేసిన కేకకు పక్క చేనువాళ్లు పరుగెత్తుకొచ్చారు. కొన్ని రకాల్లో జ్వరం మందు కూడా కలిసి ఉంటుందని తెలియక, దాని మీద ఇంకో జ్వరం గోలి వేసుకునేవాళ్లకు లెక్కలేదు. దవాఖానకు పోతే నోటితో పేరు చెప్పొద్దు, మింగినవన్నీ, తాగినవన్నీ ఒక సంచిలో వేసుకుపోయి డాక్టరు ముందు గుమ్మరించండి అని చెప్తాను. కొందరు వింటారు. కొందరు "ఏం కాదు తియ్ అక్కా, మేం ఎన్నేండ్ల సంది మింగుతున్నం" అంటారు. ముక్కుకు గట్టి మాస్కులు తెచ్చి పంచితే, ఉక్కపోస్తోందని గడ్డం కిందికి దింపుకుంటారు. వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను.

ఒక సంగతి ఇంతవరకూ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

గురువారం పొద్దున బాపుకు కొంచెం తెలివి వచ్చింది. జ్వరం దిగింది. అవ్వ చాయ్ తేవడానికి కిందికి పోయింది. నన్ను గుర్తుపట్టి "బడి లేదా బిడ్డ?" అని అడిగాడు. నేను ఆ మాటకు పొంగిపోయి, బతుకుతాడని నమ్మేశాను. నమ్మకం రాగానే లోపల ఉన్నదంతా బయటికి వచ్చింది. నేను ఇచ్చిన గోలివల్లనే ఇట్లా అయిందట బాపు అని చెప్పి, చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

బాపు ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎర్కనే" అన్నాడు.

"ఎప్పుడు?"

"మొదటిసారే. ఏసుకున్ననాడే బందైంది. అంతకుముందేడు గూడ గంతే, ఏసుకుంటే చుక్కచుక్క వచ్చేది, మానేస్తే మంచిగయ్యేది."

నా ఏడుపు ఆగిపోయింది. "మరి నాకెందుకు చెప్పలే?"

"ఒద్దంటి గదా. కోపానికొస్తివి. మర్చిపోకుంట ఏసుకొమ్మని పోతివి."

"ఎందుకొద్దో చెప్తే కోపానికొస్తనా బాపు?"

పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఒంటికొస్తలేదని ఆడిపిల్లతోని ఎట్ల అంటరు బిడ్డ? పైపు తీసి ఇంటికొచ్చినంక మీ అవ్వకు చెప్పిన, గోలికే గిట్లయితాందని. నీకు చెప్పొద్దన్న. నువ్వు తెస్తివి, నీకు బాధైతదని."

నేను లేచి నిలబడ్డాను. చెప్పాను కదా, నాకు కోపం ఎక్కువ. పైపులూ సూదులూ పెట్టుకుని పడుకున్న మనిషి మీద, మా బాపు మీద, వార్డంతా వినపడేటట్టు అరిచాను. గా ఒక్క మాట అననీకి సిగ్గేంది, ఒక్క మాట అంటే ఇయ్యాల గిట్ల పండుతుంటివా, మీ ఇద్దరి సిగ్గు పాడుగాను అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. నా బడి మాటలు ఒక్కటి కూడా గుర్తు రాలేదు. బాపు పైపు మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"అరవకు బిడ్డ. పక్క మంచమోళ్లు ఇంటరు" అన్నాడు.

నేను విసురుగా వరండాలోకి పోయాను. అవ్వ చాయ్ తెచ్చింది, ఇద్దరం తాగాం, నా కోపం తగ్గడానికి అరగంట పట్టింది. తిరిగి లోపలికి పోయేసరికి బాపు మళ్లీ మత్తులోకి జారిపోయి ఉన్నాడు. శుక్రవారం దాకా ఎంత పిలిచినా పలకలేదు.